గూగుల్ గ్రూప్స్‌లో మన పాత పోస్టులు దొరుకుతాయా? వాడి చూసి రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, దొరుకుతాయి. కానీ మీ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే మాత్రం రావు. తొంభైల్లో ఎమ్మెస్‌కని అమెరికా వచ్చి, ల్యాబ్‌లో ప్రాజెక్టు చేస్తున్నట్టు నటిస్తూ సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు అనే యూజ్‌నెట్ చర్చా గ్రూపులో రాత్రంతా వాదించుకున్న బ్యాచ్ వాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది, ఆ తర్వాత వచ్చినవాళ్ళు కూడా చదవచ్చు, మీ నాన్న గారో బాబాయి గారో కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఏం రాసేవాళ్ళో తెలుస్తుంది.

యూజ్‌నెట్ అంటే తెలీని వాళ్ళకి రెండు ముక్కలు. ఇది వెబ్ కంటే పాతది. 1979లో డ్యూక్ యూనివర్సిటీ స్టూడెంట్లు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌కి వచ్చిన ఆలోచన, 1980 నుంచి నడిచింది. దీనికి ఓనర్ అంటూ ఎవరూ లేరు. మీరు మీ యూనివర్సిటీ సర్వర్లో ఒక పోస్టు పెడితే అది పక్క సర్వర్‌కి కాపీ అయ్యేది, అక్కడ్నుంచి ఇంకోదానికి, అలా ప్రపంచమంతా తిరిగేది, సబ్జెక్టుని బట్టి గ్రూపులు ఉండేవి, మన తెలుగువాళ్ళకి ఒకటి, హిందీ పాటల పిచ్చోళ్ళందరూ చేరే రెక్ డాట్ మ్యూజిక్ డాట్ ఇండియన్ డాట్ మిస్క్ ఇంకోటి. డిస్కుల్లో చోటు తక్కువ కదా, అందుకని ఏ సర్వర్ అయినా కొద్ది వారాలకే పాతవి తుడిచేసేది. ఎలాగూ పోతాయిలే అనే ధైర్యంతోనే జనం అంత ఓపెన్‌గా రాశారు.

పోలేదు. 1995లో డేజా న్యూస్ అని ఒక సైటు వచ్చి అన్నీ దాచడం, సెర్చ్ చెయ్యనివ్వడం మొదలెట్టింది. 2001 ఫిబ్రవరిలో గూగుల్ ఆ ఆర్కైవ్ కొనేసింది, అదే డిసెంబర్‌లో 1981 దాకా వెనక్కి తీసుకెళ్ళి గూగుల్ గ్రూప్స్‌లో 70 కోట్ల పోస్టులు పెట్టింది. 1981 ఎక్కడ్నుంచి వచ్చిందంటారా, టొరంటో యూనివర్సిటీ జువాలజీ డిపార్ట్‌మెంట్‌లో హెన్రీ స్పెన్సర్ అనే ఆయన 1991 దాకా పోస్టుల్ని 141 మాగ్నెటిక్ టేపుల మీద దాచి పెట్టాడు. ఎవరూ అడగలేదు, జీతం పెరగలేదు, ఊరికే దాచాడు. మధ్యలో 1991 నుంచి 1995 వరకు ఉన్నవి వేరేవాళ్ళు దాచుకున్న సీడీల నుంచీ అక్కడా ఇక్కడా పోగేసినవి, అందుకని ఆ సంవత్సరాల్లో కొంచెం అతుకులబొంత. మీరు 1993లో రాసింది కనిపించకపోతే కంగారు పడకండి, లోపం మీ వెతుకులాటలో ఉండక్కర్లేదు. 1995 మార్చి తర్వాతవి అయితే ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ఇప్పుడు అసలు రివ్యూ. గూగుల్ గ్రూప్స్‌కి వెళ్ళి గ్రూపు పేరు కొడితే తెరుచుకుంటుంది, డబ్బులేం కట్టక్కర్లేదు. పైన సెర్చ్ బాక్స్ ఉంటుంది, దాన్ని వివరంగా తెరిస్తే ఎవరు రాశారు, సబ్జెక్ట్ ఏంటి, ఏ మాటలున్నాయి, ఏ తేదీల మధ్య అని విడివిడిగా ఇవ్వచ్చు. చూడ్డానికి అంతే, సింపుల్. అందరూ చేసే పని ఏంటంటే ఆ "ఎవరు రాశారు" దగ్గర తమ పేరు కొట్టడం. అక్కడే మన తెలుగువాళ్ళ పేర్ల గొడవ మొదలవుతుంది. అప్పట్లో పోస్టు మీద మనం కావాలనుకున్న పేరు కాదు, యూనివర్సిటీ అకౌంట్‌లో సిస్టమ్ వాళ్ళు ఎక్కించిన పేరు పడేది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఇంకోచోట, వాళ్ళేమో మొదటి ముక్క ఒకటే తీసుకుని పడేసేవాళ్ళు, దాంతో గ్రూపులో సగంమంది వెంకట, మిగతా సగంమంది సత్య. నాదీ అదే కేసు, ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పిలవని పేరుతో రెండేళ్ళు పోస్టులు పెట్టా. వెంకట అని కొట్టి చూడండి, ఆంధ్రా మొత్తం దిగుతుంది.

సరే పేరు వద్దు, ఈమెయిల్ ఐడీతో వెతుకుదాం అంటే అది ఇంకో కథ. గూగుల్ గ్రూప్స్ ఈమెయిల్ అడ్రసుల్ని మధ్యలో చుక్కలు పెట్టి సగం దాచి చూపిస్తుంది, స్పామ్ వాళ్ళు ఏరుకోకుండా. అది మంచి పనే, దాని మీద నాకు కంప్లైంట్ లేదు. కానీ ఫలితాల్లో కనిపించే ముక్క చూసి ఇది నేనా కాదా అని గుర్తుపట్టాలంటే అప్పటి ఐడీ మీకు గుర్తుండాలి, అది ఏదో నాలుగక్షరాలు ఒక నంబరు, పైగా డిపార్ట్‌మెంట్ మారినప్పుడల్లా కొత్త మెషీన్ పేరు తోక తగిలేది. ఇంట్లో పాత రెజ్యూమె ప్రింటు ఏదైనా ఉంటే ముందు అది బయటికి తీయండి, అన్ని ఐడీలు దాని మీద ఉంటాయి. నాకైతే మా నాన్నగారు దాచిన ఉత్తరాల కట్టలో దొరికింది, ఉత్తరం చివర "ఇది నా ఈమెయిల్, మీకు అక్కర్లేదనుకోండి" అని రాసి ఉంది.

ఐడీ కూడా లేకపోతే తేదీ పట్టుకోవాలి, నా అనుభవంలో ఇదే అన్నిటికంటే బాగా పనిచేసింది. మీరేం రాశారో మీకు గుర్తుండదు గానీ ఊళ్ళో ఏం జరిగిందో గుర్తుంటుంది. ఎన్టీఆర్ గారు పోయింది 1996 జనవరి 18. ఆ వారం తెలుగువాడు అనేవాడు ఎవడూ రాయకుండా ఉండడు కదా, కాబట్టి ఆ తేదీలు పెట్టి గ్రూపు మొత్తం చదవడమే. ఇక్కడ ఒక చిన్న కిటుకు, ఆయన పోయింది ఇండియాలో తెల్లవారుజామున, అప్పటికి అమెరికాలో ఇంకా 17 సాయంత్రమే, అందుకని 18 నుంచి మొదలెడితే మొట్టమొదటి పోస్టులు తప్పిపోతాయి, ఒకరోజు ముందునుంచి పెట్టుకోండి. అలాగే 1995 సెప్టెంబర్ 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయినప్పుడు, 1996 మార్చి 13న ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో క్రికెట్ వరల్డ్‌కప్ సెమీఫైనల్‌లో జనం సీసాలు విసిరి స్టాండ్స్‌లో నిప్పు పెట్టినప్పుడు, అదే సంవత్సరం నవంబర్ 6న కోనసీమ తుఫాను వచ్చినప్పుడు. ఆ తుఫాను రోజుల పోస్టులు చదువుతుంటే ఇవాళ్టివాళ్ళకి నమ్మకం కలగదు, ఫోన్లు కలవట్లేదు, టీవీలో మన వార్త రాదు, ఎవరైనా అమలాపురం వైపు వాళ్ళతో మాట్లాడితే చెప్పండి అని ఒకరు, మాకు రాజమండ్రి దాకా కలిసింది అని ఇంకొకరు. నా పోస్టు అక్కడే దొరికింది, ముమ్మిడివరం దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ గురించి అడిగిన రెండు లైన్లు. దానికి ముక్కూ మొహం తెలీని ఒకాయన మా చుట్టాలు ఆ పక్క ఊళ్ళోనే ఉన్నారు కనుక్కుంటా అని జవాబు రాసి, మర్నాడు కనుక్కుని మళ్ళీ రాశాడు కూడా. ఆ రెండో జవాబు నేను అప్పట్లో అసలు చూడనేలేదు, ఈలోపు ఇంటికి ఫోన్ కలిసిపోయి గ్రూపు వైపు వెళ్ళలేదు అనుకుంటా.

తేదీ పెట్టకుండా వెతికితే మాత్రం చిరాకు. యూజ్‌నెట్ గ్రూపుల్లో చివరి సంవత్సరాలన్నీ స్పామే, మందులు, చేతి గడియారాలు, ఇంకా చెప్పకూడనివి. ముగింపు తేదీ 2000 అని పెట్టేయండి, సగం చెత్త పోతుంది.

తర్వాత మన భాష సంగతి. అప్పుడు తెలుగు లిపి ఎక్కడిది, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళం, అదీ రైస్ యూనివర్సిటీలో మనవాళ్ళు తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో. చిన్న టీ అయితే త, పెద్ద టీ అయితే ట, చిన్న ఎన్ అయితే న, పెద్ద ఎన్ అయితే ణ. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే లేఖిని సైటు వాడినవాళ్ళకి ఇది అలవాటే, దాని వెనక ఉన్నది కూడా ఇదే. మరి సెర్చ్ సంగతి ఏంటంటే దానికి పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా లేదు, అందుకని "మాట" వెతికినా "మాత" వెతికినా ఒకటే లెక్క. దీనికి తోడు దీర్ఘం ఇద్దరు రెండు రకాలుగా రాసేవాళ్ళు, ఒకరు చిన్న ఏ రెండుసార్లు కొడితే ఇంకొకరు పెద్ద ఏ ఒకటి కొట్టేవాళ్ళు, రెండూ కరెక్టే, కానీ సెర్చ్‌కి అవి రెండు వేర్వేరు మాటలు. మీరు ఏ రకం మనిషో గుర్తు లేకపోతే రెండూ ప్రయత్నించండి. ఇక ఆర్‌టీఎస్ అంటే ఏంటో పట్టించుకోకుండా ఇష్టం వచ్చినట్టు కొట్టినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ పోస్టులు వెతకడం ఇంకా తేలిక, ఎందుకంటే ఆ తప్పులు ప్రపంచంలో ఇంకెవరూ చెయ్యరు. మా రూమ్మేట్ "వాళ్ళు" అనే మాటని ఏదో తనకే తెలిసిన స్పెల్లింగులో కొట్టేవాడు, ఆ ఒక్క మాట పెట్టి వెతికితే వాడి రాతలు వరసగా వచ్చేశాయి, వాడి పేరుతో వెతికితే ఒక్కటీ రాలేదు. మీ ఊతపదం ఏదైనా ఉంటే అదే పెట్టి చూడండి, మీకు తెలీకపోతే మీ ఆవిణ్ణి అడగండి, ఠక్కున చెప్తుంది.

ఇన్ని చేసినా కొన్ని దొరకవు. కారణాలు రెండు. ఒకటి, ఎక్స్-నో-ఆర్కైవ్ అని పోస్టు పైభాగంలో ఒక లైను పెట్టుకుంటే డేజా న్యూస్ దాన్ని దాచేది కాదు, జాగ్రత్తపరులు కొందరు అది పెట్టుకున్నారు, అప్పట్లో వాళ్ళని చూసి నవ్వినవాళ్ళే ఎక్కువ. రెండు, మీ పోస్టు ఆ దాచిపెట్టిన సర్వర్ దాకా అసలు చేరి ఉండకపోవచ్చు, కాపీల వ్యవహారం కదా. కానీ, ఇది చెప్పడానికే ఈ రివ్యూ రాశా అసలు, మీ పోస్టు పోయినా మీ మాటలు పోవు. ఆ రోజుల్లో జవాబు రాసేవాడు ఎదుటివాడు రాసిందంతా కింద దించి, ప్రతి లైను ముందూ గ్రేటర్ దేన్ గుర్తు పెట్టి, దాని కింద లైను లైనుకీ సమాధానం చెప్పేవాడు. మీరు రాసిన పోస్టు ఒకటైతే దాన్ని కోట్ చేసిన జవాబులు పది. ఒరిజినల్ మాయమైనా మీ పేరాలు అవతలివాడి జవాబులో భద్రంగా ఉంటాయి, పైన "ఫలానా ఆయన ఇలా రాశారు" అని మీ పేరుతో సహా. కాబట్టి మిమ్మల్ని మీరు వెతుక్కోవడం ఆపి మీతో గొడవ పడ్డవాణ్ణి వెతకండి. మీ పేరు మీరు మర్చిపోయి ఉండచ్చు గానీ వాడి పేరు మర్చిపోరు.

నేను అలాగే చేశా. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ ముక్కలు కలపాలా, విడిగా నంజుకోవాలా అని మొదలైన ఒక దారం, అంటే థ్రెడ్, చివరికి గుంటూరువాళ్ళు గొప్పా గోదావరివాళ్ళు గొప్పా దాకా పోయింది, అందులో నా మీద విరుచుకుపడ్డ ఒక పెద్దమనిషి రాతల్లో నా పోస్టులు ముక్కలు ముక్కలుగా మొత్తం దొరికాయి, నా ఒరిజినల్ ఒక్కటి కూడా లేకపోయినా. ఒక తిరకాసు ఉంది, వాడు తనకి జవాబు చెప్పడం కుదిరిన లైన్లే ఉంచాడు, గట్టి పాయింట్లన్నీ కోసేశాడు. అంటే ఇప్పుడు చదివేవాళ్ళకి నేను తేలిగ్గా ఓడిపోయినట్టే కనిపిస్తుంది. ఇంకో విషయం, గూగుల్ గ్రూప్స్ ఈ కోట్ చేసిన భాగాల్ని మడిచి చూపిస్తుంది, నొక్కితేనే తెరుచుకుంటాయి, కాబట్టి పైపైన చదివి లేదనుకుని వెళ్ళిపోకండి, ప్రతి జవాబులోనూ అది తెరవండి.

డిలీట్ చేయించుకుందాం అనుకునేవాళ్ళకి కూడా ఇదే సమస్య. మీ పోస్టు తీయించుకోగలిగినా పక్కవాళ్ళ జవాబుల్లో ఉన్నదాన్ని ఏం చేస్తారు. ఉద్యోగం, సంబంధాలు అని భయపడక్కర్లేదు లెండి, మనల్ని మనమే వెతుక్కోలేకపోతుంటే హెచ్‌ఆర్ వాళ్ళకి అంత ఓపిక ఎక్కడిది.

సిగ్నేచర్ల గురించి, అంటే ప్రతి పోస్టు చివరా దానంతటదే పడేలా పెట్టుకునే లైన్ల గురించి, ఒక్క మాట చెప్పాలి. అవి నాలుగు లైన్లు మించకూడదని మర్యాద ఉండేది, ఎవరూ పాటించలేదు. పద్యాలు, గీతలతో గీసిన కారు బొమ్మలు, చార్మినార్ బొమ్మలు. ఇప్పుడు స్క్రీన్ మీద ఫాంటు మారిపోయి చార్మినార్ ఒరిగిపోయి కనిపిస్తుంది. మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి కొరియర్ ఫాంటు పెట్టండి, నిలబడుతుంది. అయితే సిగ్నేచర్‌లో పద్యం పెట్టుకున్నవాళ్ళకి అదే మంచి తాళంచెవి, ఆ పద్యంలో రెండు మాటలు వెతికితే వాళ్ళ పోస్టులన్నీ బయటపడతాయి.

సెర్చ్ నాణ్యత మీద కొత్తగా చెప్పేదేం లేదు, 2009లోనే వైర్డ్ పత్రిక ఈ ఆర్కైవ్‌లో సెర్చ్ సరిగ్గా పనిచెయ్యట్లేదని గట్టిగా రాస్తే గూగుల్ అప్పుడు కొంత బాగుచేసింది. సెర్చ్‌తోనే పేరు తెచ్చుకున్న కంపెనీ దగ్గర ఇలాంటి వార్త రావడమే విచిత్రం. ఇప్పుడు పనిచేస్తుంది, కానీ మీరు దానికి సాయం చెయ్యాలి. ఇక 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్‌లో యూజ్‌నెట్‌కి కొత్తగా రాయడం, కొత్త పోస్టులు రావడం ఆపేశారు, పాతవి చూడచ్చు, వెతకచ్చు, అంతవరకే. ఇన్నేళ్ళ తర్వాత ఆ గోంగూర పెద్దమనిషికి జవాబు చెప్దామంటే దారి మూసేశారు.

గూగుల్‌లో విసిగిపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి వెళ్ళండి, అక్కడ యూజ్‌నెట్ గ్రూపులు ఒక్కోటి ఒక్కో ఎంబాక్స్ ఫైలుగా, అంటే పోస్టులన్నీ వరసగా ఉన్న ఒకే టెక్స్ట్ ఫైలుగా ఉంటాయి, గ్రూపు మొత్తం డౌన్‌లోడ్ చేసుకుని మన కంప్యూటర్‌లోనే వెతుక్కోవచ్చు. మనవాళ్ళలో సాఫ్ట్‌వేర్ రానివాళ్ళు ఎంతమంది లెండి, ఫైల్లో మాటలు వెతికే గ్రెప్ కమాండ్ కొడితే చాలు, పెద్ద టీ చిన్న టీ తేడా కూడా కావాలంటే అందులో పట్టించుకోవచ్చు, ఆర్‌టీఎస్‌కి అది వరం. నాకు గూగుల్‌లో రానివి కొన్ని ఇక్కడ వచ్చాయి, ఇక్కడ లేనివి కొన్ని గూగుల్‌లో ఉన్నాయి, కాబట్టి రెండూ చూడాలి. హెన్రీ స్పెన్సర్ టేపులు కూడా ఒకప్పుడు అక్కడ ఉండేవి, లీగల్ డిమాండ్లు వచ్చి 2020లో తీసేశారు, అయినా మన తెలుగు గొడవలన్నీ ఆ టేపుల తర్వాతవే కాబట్టి మనకి నష్టం లేదు.

దొరికినవాటి లింకులు పాత ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టా. ఒకడు మా అమ్మాయికి చూపించాను, నాన్నా నువ్వు ఇంత కోపిష్ఠివా అంది అన్నాడు. ఇంకొకడు తనది కాదని ఇప్పటికీ వాదిస్తున్నాడు, సిగ్నేచర్‌లో వాడి అపార్ట్‌మెంట్ నంబరుతో సహా ఉంది. ఒకడు మాత్రం యాహూ గ్రూప్స్‌లో మన క్లాస్ గ్రూపు ఉండేది కదా అది వెతికిపెట్టరా అన్నాడు. అది కుదరదు నాయనా. యాహూ వాళ్ళు 2019 అక్టోబర్‌లో చెప్పి డిసెంబర్‌లో పాత మెసేజీలూ ఫొటోలూ తీసెయ్యడం మొదలెట్టారు, 2020 డిసెంబర్ 15న మొత్తం మూసేశారు. వాలంటీర్లు పరిగెత్తి కొన్ని గ్రూపులు కాపాడారు గానీ మన ఇరవై మంది ప్రైవేటు గ్రూపు ఎవరికి కావాలి. గూగుల్ వాళ్ళ పాత సోషల్ సైటు ఆర్కుట్ కూడా అంతే, 2014 సెప్టెంబర్ 30న మూసేశాక కమ్యూనిటీల పోస్టులు కొన్నాళ్ళు చదవడానికి ఉంచి తర్వాత అవీ తీసేశారు, మన తర్వాతి బ్యాచ్‌వాళ్ళు ఒకరి పేజీలో ఒకరు రాసుకున్న స్క్రాపులు ముందే దాచుకోకపోతే పోయినట్టే. నెలరోజుల్లో పోతాయనుకుని రాసినవేమో ఉన్నాయి, అకౌంటూ పాస్‌వర్డూ పెట్టుకుని దాచుకున్నవేమో పోయాయి. ఇందులో న్యాయం వెతకద్దు.

కాబట్టి దొరికిన ప్రతిదాన్నీ వెంటనే టెక్స్ట్ ఫైలులో సేవ్ చేసుకోండి, లింకు దాచుకుంటే సరిపోదు. దారం మొత్తం తీసుకోండి, మీ పోస్టు ఒక్కటే తీసుకుంటే ఎవరితో ఎందుకు అరుస్తున్నారో పిల్లలకి అర్థం కాదు.

మార్కులు: దాచినందుకు 5కి 5, సెర్చ్‌కి 5కి 2, ఇవాళ్టికీ ఫ్రీగా ఉంచినందుకు ఆ రెండిటి సగటు 3.5కి ఇంకో అర కలిపి మొత్తం మీద 4. మన గ్రూపులో 1995 నుంచి 1998 మధ్య రాసినవాళ్ళయితే ఒక ఆదివారం ఖాళీ చేసుకుని కూర్చోండి, 1994 కంటే ముందువాళ్ళయితే మరీ ఆశ పెట్టుకోకండి, పెళ్ళికి ముందు రెక్ డాట్ మ్యూజిక్ గ్రూపులో ఎవరికోసమైనా పాటల సాహిత్యం కొట్టి పంపినవాళ్ళయితే పక్కన ఎవరూ లేనప్పుడు వెతకండి.